ఎముక ఎవరిది?

చనిపోయినవాళ్ల ఎముకను బతికున్నవాళ్లకు ఇవ్వవచ్చా? శరీరదానం మాట వచ్చినప్పుడు మన గూడేల్లో పెద్దలు వెనకాడతారు. అది మూఢత్వం కాదు, పోయినవాళ్ల మీద గౌరవం. కనుక జవాబు కూడా గౌరవంగానే వెతుకుదాం.

విరిగిన ఎముకకు వెదురు బద్దలు కట్టి కదలకుండా ఉంచితే అతుక్కుంటుందని మన పెద్దలకు తెలుసు. కానీ ప్రమాదంలోనో, కంతి తీసేసినప్పుడో ఎముక ముక్కే పోతే, ఆ ఖాళీ పెద్దదైతే దానంతటది పూడదు. అక్కడ దాత ఎముక పనికొస్తుంది. దాన్ని శుభ్రం చేసి, కొవ్వు, మజ్జ తీసేసి, ఆమ్లంలో నానబెడతారు. గట్టిదనమిచ్చే కాల్షియం కరిగిపోయి, మాంసకృత్తుల అల్లిక మిగులుతుంది. 1965లో అమెరికా వైద్యుడు మార్షల్ యూరిస్ట్ ఇలాంటి ఎముకను జంతువుల కండలో పెట్టి చూశాడు. ఎముకే ఉండని ఆ చోట కొత్త ఎముక పుట్టింది. ఆ అల్లికలోని కొన్ని ప్రొటీన్లు చుట్టుపక్కల కణాలను పిలిచి, ఎముక కట్టే కణాలుగా మారుస్తాయి. దాత ఎముక మెల్లగా కరిగి, రోగి సొంత ఎముకకు చోటిస్తుంది. పిలుపు పోయినవాళ్లది, కట్టుబడి బతికున్నవాళ్లది.

సవరలు చనిపోయినవారి పేర రాయి నిలుపుతారు. పోయినవాళ్లు మన మధ్యనే ఉంటారన్న నమ్మకం మనది. వాళ్ల ఎముక పిలుపుతో ఒక బిడ్డ మళ్లీ నడిస్తే ఆ నమ్మకానికి మచ్చ వస్తుందని మేము అనుకోవడం లేదు.

అయితే మన భయానికి చరిత్ర కూడా ఉంది. తెల్లదొరల కాలంలో నాగా ప్రజల పూర్వీకుల ఎముకలను ఇంగ్లండు తీసుకుపోయారు. ఆక్స్‌ఫర్డ్‌లోని పిట్ రివర్స్ మ్యూజియం 2020లో మనుషుల అవశేషాలను ప్రదర్శన నుంచి తీసేసింది. నాగాలు తమవాళ్లను ఇంటికి తెచ్చుకోవాలని అడుగుతున్నారు. 2024 అక్టోబరులో ఇంగ్లండులోనే ఒక నాగా పుర్రెను వేలానికి పెట్టబోయి, నిరసనలు రాగా ఆపేశారు.

అదీ ఎముకే, ఇదీ ఎముకే. ఒకటి అడగకుండా తీసుకున్నది, ఇంకొకటి ఇష్టంతో ఇచ్చేది. ధర్మం ఆ తేడాలో ఉంది. మన దేశంలో 1994 నాటి అవయవ మార్పిడి చట్టం సమ్మతి తప్పనిసరి అంటుంది. 2011 సవరణతో ఎముక వంటి కణజాలం కూడా దాని కిందికి వచ్చింది. కానీ అర్థం కాని భాషలో ఉన్న కాగితం మీద వేసిన వేలిముద్ర సమ్మతి అవుతుందా?

అందుకే టీచర్లూ, యువకులూ ఈ సంగతిని కోయలో, సవరలో, కువిలో, గోండిలో చెప్పాలి. పెద్దలు ఎన్ని ప్రశ్నలడిగినా ఓపికగా వినాలి. అన్నీ విన్నాక వద్దంటే ఆ మాటనూ మన్నించాలి. వద్దనే హక్కు ఉన్నచోటే ఇవ్వడం దానమవుతుంది.