దేహబాధను ఓర్చుకోవడం ఎంతవరకు ధర్మం?

చెమటతో తడిసిన బట్ట ఒరుసుకుని తొడలు, గజ్జలు, చంకలు మండడాన్ని ఎవరూ పెద్ద జబ్బుగా లెక్కపెట్టరు. ప్రాణం మీదికి రాదు, నలుగురిలో చెప్పుకునేదీ కాదు. అందుకే పళ్ల బిగువున భరించడమే మర్యాద అనుకునేవారు ఎక్కువ. భరిస్తే పుణ్యమని నమ్మేవారూ ఉన్నారు. ఇలాంటి బాధను ఓర్చుకుంటే తపస్సవుతుందా, లేక దానికి మందు వేయడమే ధర్మమా? ఈ దేశంలో పుట్టిన మతాలన్నీ ఏదో ఒక రూపంలో ఈ ప్రశ్నను విచారించాయి.

విజయవాడ ఆటోనగర్‌లో ఇది రోజువారీ ప్రశ్న. 1960లలో ఏర్పడిన ఈ పారిశ్రామికవాడలో లారీలకు బాడీ కట్టేవారు, డెంటింగ్, పెయింటింగ్, వెల్డింగ్, లేత్ పనివారు రేకుల షెడ్ల కింద పొద్దంతా పనిచేస్తారు. మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటడం ఇక్కడ మామూలే. దానికి తోడు డెల్టా గాలిలో తేమ ఉండడంతో చెమట తొందరగా ఆరదు. చెమటలో నానిన చర్మం పైపొర మెత్తబడుతుంది. పొడి చర్మం కన్నా తడి చర్మం మీద బట్ట రాపిడి ఎక్కువగా ఉంటుంది. చెమట ఆరిన చోట మిగిలే ఉప్పు ఆ రాపిడిని ఇంకా పెంచుతుంది. లారీ కిందికి దూరి, వంగి లేచే మెకానిక్‌కు ప్యాంటు కుట్టు ఒకే చోట పదేపదే రాసుకుని సాయంత్రానికి తోలు లేస్తుంది. ఇంటికెళ్లి నీళ్లు పోసుకోగానే అక్కడ భగ్గుమంటుంది. కాళ్లు ఎడంగా వేస్తే తప్ప నడవలేడు.

ఓర్పును సమర్థించేవారు మొదట చూపేది భగవద్గీత రెండో అధ్యాయాన్ని. ఇంద్రియాలకు విషయాలతో కలిగే స్పర్శ వల్ల శీతోష్ణాలు, సుఖదుఃఖాలు వస్తాయనీ, అవి వచ్చిపోయేవి కాబట్టి సహించమనీ కృష్ణుడు అర్జునుడికి చెబుతాడు. శంకరుల పేరిట ప్రసిద్ధమైన వివేకచూడామణి ఇంకా ముందుకు వెళ్లి, విరుగుడు వెదక్కుండా, చింతా విలాపమూ లేకుండా దుఃఖాలను సహించడమే తితిక్ష అంటుంది. జైనులు చెప్పే 22 పరీషహాలలో, అంటే ఓర్చుకోవలసిన కష్టాలలో, ఎండవేడితో పాటు ఒంటికి పట్టే మురికిని సహించడం కూడా ఒకటి. వీటిని బట్టి చూస్తే గజ్జల్లో మంటకు మందు రాసుకోవడం బలహీనత అనిపించవచ్చు.

అయితే ఆ మాటలు ఎవరిని ఉద్దేశించినవో చూడాలి. జైన పరీషహాలు ప్రధానంగా సర్వం వదిలిన మునులకు చెప్పినవి. వివేకచూడామణిలోని తితిక్ష మోక్షం కోరే సాధకుడి లక్షణం. గీతలో ఆ మాట విన్నవాడు యుద్ధభూమిలో కర్తవ్యం వదిలి కూర్చున్నవాడు. బాధను సాకుగా చేసుకుని చేయవలసిన పని మానవద్దన్నదే అక్కడి బోధ. పని చేస్తూనే బాధ తగ్గించుకోవడాన్ని అది నిషేధించలేదు. పైగా అదే గీత పదిహేడో అధ్యాయంలో శాస్త్రం చెప్పని ఘోరతపస్సుతో శరీరాన్ని కృశింపజేసేవారు లోపలున్న తననే హింసిస్తున్నారని కృష్ణుడు మందలిస్తాడు. మూఢపట్టుదలతో తనను తాను పీడించుకుని చేసేది తామస తపస్సని తేలుస్తాడు. శారీరక తపస్సులో ఆయన చేర్చినవి పూజ, శౌచం, ఆర్జవం, బ్రహ్మచర్యం, అహింస. ఆ జాబితాలో శుభ్రత ఉంది, నొప్పి లేదు.

బౌద్ధంలో ఈ ప్రశ్నకు మరింత సూటి జవాబు దొరుకుతుంది. అమరావతి, ఘంటసాల, జగ్గయ్యపేట స్తూపాలున్న ఈ కృష్ణాతీరం ఒకప్పుడు ఆ ధర్మానికి నెలవు. పాలి వినయపిటకంలోని మహావగ్గంలో బుద్ధుడి శిష్యుడు ఆనందుడికి ఉపాధ్యాయుడైన బేలట్ఠసీసుడి కథ ఉంది. చర్మవ్యాధితో ఒంటి నుంచి రసి కారి చీవరం (భిక్షువు కట్టే బట్ట) ఒంటికి అంటుకుపోతే, తోటి భిక్షువులు నీళ్లతో తడిపి మెల్లగా ఊడదీస్తుంటారు. అది చూసిన బుద్ధుడు, ఓర్చుకోమని చెప్పలేదు. దురద, పొక్కులు, రసి ఉన్నవారు లోపల వేరే బట్ట కట్టుకోవచ్చని అనుమతించాడు. నాభికి కింద, మోకాళ్లకు పైన కట్టుకునే ఆ బట్ట కొలత కూడా వినయ నియమాల్లో ఉంది. ఒళ్లు ఒరుసుకుపోవడం ఒక ధర్మబోధకుడికి చిన్న విషయంగా తోచలేదు.

బాధంతా పూర్వకర్మ ఫలమే కదా అన్న వాదానికీ బౌద్ధం జవాబు చెప్పింది. సంయుత్తనికాయలోని సీవకసుత్తంలో బుద్ధుడు వేదనలకు పిత్తం, శ్లేష్మం, వాతం, ఋతువుల మార్పు, అజాగ్రత్త వంటి కారణాలను లెక్కించి, కర్మను వాటిలో ఒక్కటిగా మాత్రమే చెప్పాడు. ఆయుర్వేదానిదీ ఇదే ధోరణి. స్నానం, ఒళ్లు రుద్దుకోవడం లేనివాడికి వృషణాల దగ్గర చేరిన మురికి చెమటతో నానితే దురద, పొక్కులు, స్రావం వస్తాయని సుశ్రుతసంహిత వృషణకచ్ఛువును వర్ణించింది. కారణం చెమట, మురికి అయినప్పుడు నివారణ మనిషి చేతిలోనే ఉంటుంది.

దీక్షల విషయంలో సందేహం ఇంకాస్త చిక్కుగా ఉంటుంది. ఇంద్రకీలాద్రి దుర్గమ్మ మాల వేసుకుని ఎర్రబట్టలు కట్టినవారు, అయ్యప్ప మాలతో నల్లబట్టలు కట్టినవారు ఆటోనగర్ షెడ్లలో కనిపిస్తారు. మండలం, అంటే 41 రోజుల పాటు చన్నీటి స్నానం, నేలపడక వంటి నియమాలు పాటిస్తూనే పనిలోకి వస్తారు. కొత్త లుంగీ గంజి పోయేదాకా గరుకుగానే ఉంటుంది. పుండు మీద కొబ్బరినూనె రాస్తే దీక్షకు భంగమా అన్నది వారి శంక. భోగాన్ని తగ్గించడం నియమాల ఉద్దేశం. తలంటి, అలంకారం కోసం నూనె వాడడం వేరు, పుండుకు మందుగా రాయడం వేరు. రోగికి నియమాల్లో సడలింపు ఇవ్వడం ధర్మశాస్త్ర సంప్రదాయంలో ఉన్నదే.

చేయవలసిన సేవ కూడా పెద్దదేమీ కాదు. ఒరుసుకున్న చోటును మంచినీళ్లతో కడిగి, రుద్దకుండా అద్ది పూర్తిగా ఆరనివ్వాలి. పనికి వెళ్లేముందు రాపిడి తగిలే చోట వాసెలిన్ పలుచగా రాయాలి. బిగుతు ప్యాంటు మాని వదులైన నూలుబట్టలు వేసుకోవాలి. చెమటకు తడిసినవి మధ్యాహ్నం మార్చుకోవాలి. గ్రీజు, డీజిల్ అంటిన బట్ట ఒంటి మీద ఉంచుకోకూడదు. అంచులు ఎర్రగా ఉబ్బి గుండ్రంగా పాకుతూ దురదపెడితే అది తామర కావచ్చు. అప్పుడు మందుల షాపులో అడిగి స్టెరాయిడ్ కలిసిన క్రీములు రాస్తే మొండిగా మారుతుంది, డాక్టరుకు చూపించాలి. చీము పట్టినా, షుగరు ఉన్నవారికి పుండు పడినా ఆలస్యం చేయరాదు.

చివరగా, ఓర్పు ఎవరికి వారు తమ మీద పెట్టుకునే నియమమే గాని ఇంకొకరి మీద పెట్టేది కాదు. పనివాడు మండుతున్న తొడలతో తిరుగుతుంటే అతని సహనాన్ని మెచ్చుకోవడం యజమాని ధర్మం కాదు. ఫ్యాను, నీళ్లు, బట్టలు మార్చుకునే చాటు, కాసేపు విరామం ఇవ్వడం అతని ధర్మం. తొలగించలేని బాధను చలించకుండా భరించడం తితిక్ష. తొలగించగల బాధను తనలో పెంచుకోవడం అవివేకం, ఇతరులలో ఉండనివ్వడం హింస.