గూటికి వచ్చిన పరాయి పావురము

వాక్యభాగము: ద్వితీయోపదేశకాండము 22:1-3



మన సంఘములలోని యౌవనస్థులనేకుల మిద్దెలమీద నేడు పావురపు గూళ్లున్నవి. తోక విసనకఱ్ఱవలె విప్పు లక్కా పావురములు, ఆకాశమున పల్టీలు కొట్టునవి, కాళ్లకు ఉంగరములున్న హోమర్లు తిరుపతి, చిత్తూరు పట్టణములనుండి మన పల్లెలకు వచ్చుచున్నవి. వీటిని పెంచుట పాపమా అని కొందరు తల్లిదండ్రులు మమ్మునడిగిరి. పాపమని మేము చెప్పము. నోవహు ఓడలోనుండి విడిచిన పక్షులలో పావురమున్నది. మన తెలుగు బైబిలులో అది నల్ల పావురము. గొఱ్ఱెపిల్లను తేలేని పేదలు గనుక యోసేపు మరియలు శిశువైన ప్రభువుతో దేవాలయమునకు వచ్చినప్పుడు పక్షుల జతనే అర్పించిరి (లూకా 2:24).

ఈ పక్షిని కనిపెట్టి చూచినవారు చాల నేర్చుకొందురు. అది సాధారణముగా రెండు గ్రుడ్లు పెట్టును. పగలు ఎక్కువసేపు మగది, రాత్రి ఆడది పొదుగును. సుమారు 18 దినములకు పిల్లలగును. అప్పుడు తల్లియు తండ్రియు తమ మెడలోని సంచిలో ఊరు పాలవంటి పదార్థమును పిల్లల నోటికందించును. తండ్రియు పాలిచ్చు పక్షి! కూలి డబ్బును మద్యపు దుకాణమున విడిచి వట్టి చేతులతో ఇల్లు చేరు తండ్రులు ఒక్క పూట ఆ గూటియొద్ద కూర్చుండిన బాగుండును.

కొనిన పావురమును తెచ్చిననాడే విడిచినయెడల అది పాత యింటికే పోజూచును. గనుక కొన్ని వారములు గూటిలోనుంచి, రెక్కలు కట్టి, మన మిద్దెను, చుట్టునున్న చెట్లను చూడనిచ్చి, ఆకలిగొన్న సాయంకాలమున విడుతురు. మన గూటిలోనే పుట్టిన పిల్లకు ఈ కట్టు అక్కరలేదు. అయినను విడిచిన ప్రతి ఉదయము డేగ భయమున్నది, దారి తప్పు భయమున్నది. నోవహు మొదటిసారి తిరిగివచ్చిన పావురమును చేయి చాపి లోపలికి తీసికొనెను. మూడవసారి అది రాలేదు. దాని రెక్కలు విరిచియుండిన అది తనయొద్దనే యుండెడిది. నేల ఆరిన వార్త మాత్రము తెలిసియుండెడిది కాదు.

గూడు పసిపిల్లలు పండుకొను చోటికి దూరముగా నుండవలెను. ఎండిన రెట్ట ధూళి ఊపిరితిత్తులకు కీడు. నీళ్లు చల్లి, ముక్కుకు గుడ్డ కట్టుకొని శుభ్రము చేయుడి. ఆరాధన గంట మ్రోగునప్పుడు మిద్దెమీద ఈల వేయుచుండు అబ్బాయిలతో మేము వేరుగా మాటలాడెదము.

అయితే ఈ ముచ్చటలో ఒక చెడ్డ వాడుక చేరియున్నది. పరాయి పావురము మన గుంపుతో కలిసి మన మిద్దెమీద దిగినయెడల అది పట్టినవానిదట! మన సంఘములోని ఒక అబ్బాయి ఇట్లే కాలికి ఉంగరమున్న తెల్ల పావురమును పట్టి, అది మరల పోకుండ రెక్కల ఈకలు కత్తిరించెను. రెండు దినములకు పక్క వీధిలోని ముసలి సాయిబు వీధి వెంబడి ఈల వేయుచు వచ్చెను. ఆ ఈల విని పెట్టెలోని పావురము తట తట కొట్టుకొనెను. అబ్బాయి తండ్రి వాకిటనే నిలిచి, “ఇక్కడికేమీ రాలేదే” అనెను.

మేము అప్పుడు అరుగుమీదనే కూర్చుండియుంటిమి. ఆ చప్పుడు మా చెవిని పడెను. ఆ యింటివారు కోత పండుగకు మొదటి మూట తెచ్చువారు. మేము నోరు మెదపలేదు. ముసలివాడు వెళ్లిపోయెను. ఈ మాట దాచి మీకు బోధ వ్రాయుట మాకు తగదు.

తప్పిపోయిన ఎద్దునైనను, గొఱ్ఱెనైనను, గాడిదనైనను, వస్త్రమునైనను చూచి చూడనట్లుండకూడదని ధర్మశాస్త్రము. సొంతదారుడెవడో తెలియనియెడల అతడు వెదకుచు వచ్చువరకు నీ యింట భద్రముచేసి అప్పగించవలెను. ఇక్కడ సొంతదారుడు వెదకుచు వాకిటికే వచ్చెను. అక్కడ సహోదరుని సొత్తని వ్రాయబడినది గనుక అన్యమతస్థునికి ఈ ఆజ్ఞ వర్తించదని మనలో నొకరు వాదించిరి. పొరుగువాడెవడని అడిగిన ధర్మశాస్త్రోపదేశకునికి ప్రభువు సమరయుని చూపెను. మేము అంతకంటె జవాబు చెప్పలేదు.

ఆ రాత్రి మేము ఆ యింటికి పోయి, మొదట మా తప్పు ఒప్పుకొంటిమి. తండ్రి కోపపడెను. అబ్బాయి మాత్రము తెల్లవారకముందే గంప ఎత్తుకొని మా గుమ్మమున నిలిచి, “అయ్యగారూ, మీరూ రాండి, నాకు భయంగా ఉంది” అనెను. ఇద్దరము పోతిమి. ముసలివాడు కత్తిరించిన రెక్కను విప్పి చాలసేపు చూచెను. కత్తిరించిన ఈక వెంటనే మొలవదు. మొద్దు రాలి కొత్తది రావలెను.

“తాతా, తప్పయిపోయింది” అని వాడు ఏడ్చెను.

“ఏడ్వొద్దు అబ్బోడా. ఈకలు మొలిచే దాకా దినామూ వచ్చి నువ్వే గింజలెయ్యి.”

వాడు ఇప్పటికిని సాయంకాలమున జొన్నలు మూటగట్టుకొని పోవుచున్నాడు. రెండు కొత్త ఈకలు వచ్చెనని నిన్న మాకు చెప్పెను. వాని తండ్రి యింకను గుడికి రాలేదు, ఆయనకొరకు ప్రార్థించుడి.