తీతువు అరిస్తే...

పాశమైలారంలో సెకండ్ షిఫ్టు వదిలే వేళ ఖాళీ ప్లాట్ల మీదుగా తీతువు అరుచుకుంటూ పోతే గుండె జల్లుమనే వాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ పిట్ట కూస్తే చావు కబురు వస్తుందని పాత భయం. పటాన్‌చెరు చుట్టూ పొలాలు పోయి షెడ్లు లేచాయి గానీ ఆ భయం మాత్రం పోలేదు.

ఓ వేసవిలో కంకర పోసిన ప్లాటుకు అడ్డంపడి నడుస్తుంటే, ఈ పిట్ట నా నెత్తి మీదికే దూసుకొచ్చింది. ఆగి చూస్తే కాలి దగ్గరే నాలుగు గుడ్లు. గూడన్నది లేదు. చిన్న గుంట, చుట్టూ గులకరాళ్లు. మట్టిరంగు మీద నల్లమచ్చలు; రాయేదో గుడ్డేదో పోల్చుకోలేం. ఎండ ముదిరితే పొట్ట ఈకలు నీళ్లలో తడుపుకొచ్చి మరీ వాటిని చల్లబరుస్తుంది. నాకు వినిపించింది యముడి కేక అనుకున్నానా, 'చూసి అడుగెయ్యి నాయనా' అంటోంది ఆ తల్లి!

సంస్కృతంలో దీన్నే టిట్టిభం అన్నారు. ఆకాశం విరిగి పడుతుందేమోనని కాళ్లు పైకెత్తి పడుకుంటుందని పంచతంత్రం దీన్ని ఎగతాళి చేసింది. దీనికోసం దేవుణ్ణి కదిలించిందీ ఆ పంచతంత్రమే. కడలి ఒడ్డున పెట్టిన గుడ్లను సముద్రుడు లాక్కుపోతే, ముక్కుతో సముద్రాన్నే ఎండగడతానంది మగపిట్ట. చివరికి పిట్టలన్నీ కలిసి గరుత్మంతుడి దగ్గర మొరపెట్టుకున్నాయి. విష్ణువు కబురంపితే ఆయన రానన్నాడు. గుడ్లు తిరిగొచ్చాకే సేవ అన్నాడు. శ్రీహరి అగ్నిబాణం ఎక్కుపెట్టాక గానీ సముద్రుడు దిగిరాలేదు.

నాకు బాణం కన్నా ఆ అలకే నచ్చుతుంది. తన సాటి పిట్ట ఏడుస్తుంటే స్వామిని మోయనన్నాడు సేవకుడు; స్వామి కోప్పడలేదు, వెంట నడిచాడు. మన మంజీరను గరుడగంగ అని కొలిచే వాళ్లమే కదా, ఈ కథ మనకు దూరం కాదు.

ఎండాకాలం నుంచి వానల దాకా ఇవి గుడ్లు పెట్టే రోజులు. ప్లాటు చదును చేయించే అయ్యలారా, జేసీబీ చుట్టూ తీతువు తిరుగుతూ అరిస్తే బండి ఆపించి ఒక్కసారి దిగి చూడండి. గుడ్లుంటే ఆ మూల ఓ నెల వదిలేయండి. పుట్టిన కొద్ది గంటలకే పిల్లలు తల్లి వెంట నడిచి వెళ్లిపోతాయి.