దూరపు కొండలూ, దగ్గరి మనుషులూ

దూరపు కొండలు నునుపు అన్నారు పెద్దలు. ఆ మాట పుట్టించిన మహానుభావుడెవరో గాని (మహానుభావురాలే అయివుండొచ్చు కూడా!) టెలిఫోటో లెన్సు ఎరిగివుండరు. వికారాబాదు దాటి, అనంతగిరి కొండలు ఎదురుగా కనిపించే చోట నిలబడి, ఆ లెన్సులోంచి ఒక్కసారి చూడండి. ఎక్కడో నీలంగా, మెత్తగా కనిపించే కొండమీది రాళ్ళూ రప్పలూ, ముళ్ళపొదలూ, వాటి మధ్య కాలిబాటా అన్నీ కళ్ళముందుకొచ్చి నిలబడతాయి. కొండ నునుపు కాదని తేలిపోతుంది. మరి ఇంత దూరాన్ని ఇంత సులువుగా మింగేసే వస్తువు చేతికొచ్చినప్పుడు, దానితో ఎవరిని, ఎంతవరకు చూడొచ్చు? ఈ మధ్య నన్ను పట్టి పీడిస్తున్న ప్రశ్న ఇదే.

దీనికి కారణం మా అక్క కూతురు. ఉద్యోగంలో చేరి మొదటి జీతాలు కూడబెట్టుకుని కెమెరా కొనుక్కుంది. "పిన్నీ, దీనికో టెలిఫోటో జూమ్ లెన్సు కొందామనుకుంటున్నా. నువ్వు ఎన్నేళ్ళనుంచో పిట్టల ఫొటోలు తీస్తున్నావుగా, ఏది మంచిదో చెప్పు" అన్నది.

నేను ముందు అడిగింది ధర కాదు, బరువు. కూరల సంచీ ఒక చేత్తో, చంకబిడ్డ ఒక చేత్తో మోసిన ఆడదానికి బరువు గురించి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు గదా! పత్రికల వాళ్ళూ, పెళ్ళిళ్ళ ఫొటోగ్రాఫర్లూ వాడే 70–200 మిల్లీమీటర్ల లెన్సు, అపెర్చర్ 2.8 వుండేది, కిలోనుంచి కిలోన్నర దాకా తూగుతుంది. అదే కెనాన్ వాళ్ళ 55–250 లాంటి చిన్న లెన్సయితే 375 గ్రాములు. అరకిలో కందిపప్పు పొట్లం కంటే తేలికన్నమాట. చెప్పొచ్చేదేమిటంటే, బరువైన లెన్సు ఎంత గొప్పదయినా బీరువాలో కూర్చుంటుంది. తేలికైనది మనతో బజారుకీ, గుడికీ, రైలుకీ వస్తుంది.

తేలిక వూరికే రాదు లెండి. దానికి మనం ఇచ్చుకునే మూల్యం వెలుతురు. 2.8 అపెర్చర్‌తో పోలిస్తే 5.6 దగ్గర లోపలికొచ్చే వెలుగు నాలుగో వంతే. పొద్దుగూకే వేళ చిన్న లెన్సు నీరసించిపోతుంది. పైగా దూరాన్ని దగ్గరికి లాగినప్పుడు మన చేతి వణుకునూ అంతే పెద్దది చేసి చూపిస్తుంది. 300 మిల్లీమీటర్ల దగ్గర తీసేటప్పుడు షట్టరు వేగం సెకనులో 300వ వంతుకన్నా తగ్గకూడదని పాత లెక్క. ఇప్పటి లెన్సుల్లో వణుకును సర్దే ఏర్పాటు వుంటోంది గాని, అది సర్దేది మన చేతి వణుకునే. ఎగిరే పిట్టనో, నడిచే మనిషినో ఆపలేదు. కాబట్టి మంచి ఎండలో తియ్యి, మోచేతులు పక్కలకు ఆనించుకో, ఊపిరి బిగబట్టి మీట నొక్కు అని చెప్పాను. బుద్ధిగా విన్నది.

విని, చివర్లో అన్నది: "దూరంనుంచి తీసుకుంటాం కాబట్టి ఎవరికీ ఇబ్బంది వుండదు కదా పిన్నీ!"

ఆ మాటే నాకు గొంతులో ముల్లులా దిగింది.

పిట్టల విషయంలో ఆ మాట అక్షరాలా నిజం. మూసీ నది పుట్టిన ఆ అనంతగిరి అడవిలోనూ, కోట్‌పల్లి చెరువు గట్టుమీదా నేను గంటలకు గంటలు కూర్చున్నాను. వికారాబాదునుంచి తాండూరు వెళ్ళే దారిలో కరెంటు తీగమీద వాలిన పాలపిట్టను దసరానాడు అందరూ దర్శనం చేసుకుంటారు. నాకు మిగతా రోజుల్లోనూ దాన్ని చూడాలని వుంటుంది. దగ్గరికి పోతే ఎగిరిపోతుంది. గూడుదగ్గరికి మనిషి పోతే తల్లిపిట్ట గుడ్లు వదిలి లేస్తుంది. అది లేచినంతసేపూ గుడ్లు ఎండకు మాడాలి, లేదా కాకి నోట పడాలి. అక్కడ దూరం అంటే మర్యాద. లెన్సు ఆ మర్యాదను పాటించడానికి సాయపడుతుంది. చూశామన్న సంతోషం మనకు, మన వునికే తెలియని నిశ్చింత దానికి.

మరి మనుషుల సంగతి?

ఆ తర్వాత కొన్నాళ్ళకు ఇద్దరం తాండూరు వెళ్ళాం. వికారాబాదులో రైలెక్కితే గంటలోపే. తాండూరు అనగానే మనకు రెండు గుర్తొస్తాయి. ఒకటి 2022లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న కందులు, రెండోది నాపరాయి. మనలో చాలామంది వంటింట్లో కాళ్ళకింద చల్లగా తగిలే నీలం బండ ఆ నేలలోదే. ఆ సున్నపురాయి పొరలు పొరలుగా, పుస్తకంలో కాగితాల్లా పైకి లేస్తుంది. అక్కడి నేలను తవ్విన గుంతలూ, గుంతల పక్కన చెక్కముక్కల గుట్టలూ, వాటిమధ్య తెల్లటి దుమ్ములో పనిచేసే మనుషులూ.

మా పిల్ల గట్టుమీద నిలబడి కొత్త లెన్సు ఎత్తింది. దూరంగా ఒకావిడ, నలభై ఏళ్ళుంటాయేమో, బండముక్కలు పేర్చి కాస్త నీడలో కూలబడింది. కొంగుతో మెడ తుడుచుకుంటోంది. రెండుసార్లు మీట నొక్కిన చప్పుడైంది. ఆవిడకు వినబడే దూరం కాదు. కాని ఏ ఆడదానికి చూపు సోకిన సంగతి తెలియదు చెప్పండి! తలెత్తి చూసింది. కొంగు సర్దుకుని, లేచి, నెమ్మదిగా గట్టెక్కి వచ్చింది. తిడుతుందేమోనని మా పిల్ల నా వెనక్కి జరిగింది.

ఆవిడ తిట్టలేదు. "గంత దూరంనుంచి ఏం తీస్తవ్ బిడ్డా? వచ్చి అడుగరాదా? మొకమన్న కడుక్కుంటుంటి గద!" అన్నది.

అంతే. ఆ మాటలో కోపం లేదు, కేసు లేదు. ఒక హక్కు మాత్రం వుంది. తన మొహం లోకానికి ఎలా కనబడాలో నిర్ణయించుకునే హక్కు. చమటతో, దుమ్ముతో, అలసటతో వున్న ఆ క్షణం ఆవిడది. అది బొమ్మగా బాగుంటుందని అనుకున్నది మేం. ఫొటో పోటీలో బహుమతి వస్తే మా పిల్లకు. మధ్యలో ఆవిడకు ముట్టేదేమిటి?

మా పిల్ల ఆ రెండు బొమ్మలూ ఆవిడకు చూపించి, అక్కడే తుడిచేసింది. ఆవిడ నిజంగానే మొహం కడుక్కుని, పక్కావిడను కూడా లాక్కొచ్చి, ఇద్దరూ కర్రల్లా నిలబడి ఫొటో తీయించుకున్నారు. దారిలో మా పిల్ల మూతి ముడుచుకుంది. "మొదటిదే బాగుంది పిన్నీ. అందులో జీవం వుంది. అడిగి తీస్తే మనుషులు బొమ్మలైపోతారు" అన్నది.

ఆ మాటను తేలిగ్గా తీసిపారెయ్యను. నేను కథలు రాసుకునేదాన్ని. మనుషులు తమను ఎవరూ చూడటంలేదనుకున్నప్పుడు ఎలా వుంటారో, దానిమీదే నా బతుకు. అయితే నా కథలో పేరు మారుతుంది, వూరు మారుతుంది, ఇద్దరు మనుషులు ఒకరవుతారు. ఫొటోలో మొహం మారదు. కథలో నేనెవరి మనసు దొంగిలించానో వాళ్ళకే తెలియకపోవచ్చు. ఫొటోలో ఎవరి మొహమో వూరందరికీ తెలుస్తుంది.

మన అమ్మమ్మలకు ఈ సంగతి ముందే తెలుసు. దృష్టి అన్న మాటే వాడుకలో దిష్టి అయింది. పసిబిడ్డ బుగ్గన కాటుకచుక్క పెట్టేవాళ్ళు. అది మూఢనమ్మకమని నవ్వుకున్నాం. కాని అందులో ఒక నిజం వుంది: చూడటమంటే వూరికే వుండటం కాదు, చూపు అవతలివాళ్ళ మీద ఏదో ఒకటి చేస్తుంది. అది తెలిసిన మనిషి చూపును జాగ్రత్తగా వాడుకుంటాడు.

ఈ జాగ్రత్త మన హైదరాబాదుకు కొత్తేమీ కాదు. ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫరు రాజా దీన్‌దయాళ్ 1892లో అక్కడ ఆడవాళ్ళ కోసమే ఒక జెనానా స్టూడియో తెరిచాడు. బయటి చూపు పడకుండా చుట్టూ ఎత్తైన గోడలు. ఫొటోలు తీసే బాధ్యత ఒక ఆంగ్లేయ మహిళది. ఘోషా మంచిదని నేననడంలేదు. ఆ గోడల వెనక ఎన్ని నిట్టూర్పులున్నాయో! కాని కెమెరా ముందుకు రావాలంటే ఆ స్త్రీ తానుగా బయల్దేరి వచ్చి కూర్చోవాలి. ఎవరు తీస్తున్నారో ఆమెకు తెలుసు. ఇవాళ గోడలు పోయాయి, మంచిదే. వాటితోపాటు ఆ తెలియడం కూడా పోవాలా?

మన దేశపు తొలి మహిళా ఫొటో జర్నలిస్టు హోమై వ్యారావాలా (1913–2012) చీరకట్టుతో, భుజాన బరువైన కెమెరాలతో ఢిల్లీ పెద్దలందరినీ తీసింది. 2011లో పద్మవిభూషణ్ అందుకుంది. కాని 1970లోనే కెమెరా పక్కన పెట్టేసింది. కొత్తగా వస్తున్న ఫొటోగ్రాఫర్ల తీరు, మనుషులమీద పడి ఎగబడటం ఆమెకు గిట్టలేదట. ఎన్నో చరిత్రాత్మక క్షణాలను పట్టుకున్న మనిషికి, పట్టుకోకుండా వదిలేయవలసిన క్షణాలూ వుంటాయని తెలిసిందన్నమాట.

ఇంకో సంగతి. దూరంనుంచి తీసిన బొమ్మ ఎప్పుడూ పూర్తి నిజం చెప్పదు. 50 మిల్లీమీటర్ల మామూలు లెన్సు సుమారు 46 డిగ్రీల మేర చూస్తే, 300 మిల్లీమీటర్లది 8 డిగ్రీలే చూస్తుంది. మిగతా లోకమంతా బయటే. పైగా దూరంనుంచి చూస్తే ముందున్నదీ వెనకున్నదీ అతుక్కుపోయినట్టుంటాయి. 2020లో కరోనా రోజుల్లో డెన్మార్క్‌లో ఫొటోగ్రాఫర్లు ఒకే చోటి జనాన్ని రెండు లెన్సులతో తీసి చూపించారు. మామూలు లెన్సులో ఎడంగా వున్న జనమే టెలిఫోటోలో ఒకరిమీదొకరు పడుతున్నట్టు కనిపించారు. తాండూరు గట్టుమీదనుంచి తీసిన ఆ మొదటి బొమ్మలోనూ అంతే, వెనకెక్కడో వున్న రాళ్ళగుట్ట ఆవిడ నెత్తిమీదికి వాలినట్టుంది. ఆవిడ పక్కనే కూర్చుని నవ్వుతున్న స్నేహితురాలు మాత్రం అంచు అవతల వుండిపోయింది. జీవం వుందని మా పిల్ల మురిసిన ఆ బొమ్మలో వున్నది మనకు నచ్చిన దుఃఖం. ఆవిడ రోజంతా కాదు.

అయితే దూరంనుంచి, చెప్పకుండా, ఎన్నడూ తీయకూడదా? అలా అనలేను. బలవంతుడు బలహీనుణ్ణి కొడుతుంటే అనుమతి అడుగుతామా? దొంగచాటుగా చెట్లు నరికేవాణ్ణి, చెరువు పూడ్చేవాణ్ణి తీయాలంటే దూరమే రక్ష. నాకు తోచిన గీటురాయి ఇది: ఆ దూరం ఎవరిని కాపాడుతోంది? పిట్టనా, బలహీనుణ్ణా, నిజాన్నా? అయితే సరే. అడగడానికి మొహమాటపడే మన పిరికితనాన్నా? అయితే లెన్సు దించాలి. ఆడవాళ్ళను ఏకాంతంలో చాటుగా చూసినా, ఫొటో తీసినా నేరమని 2013లోనే చట్టంలోకెక్కింది. 2024 జూలైనుంచి అమల్లో వున్న భారతీయ న్యాయ సంహితలో 77వ సెక్షన్ అదే. కాని గట్టుమీదనుంచి తీసిన కూలావిడ బొమ్మ ఏ సెక్షన్ కిందికీ రాదు. చట్టం చేరని చోటే కదా మర్యాదకు పని!

అడిగితే సహజత్వం పోతుందన్న మా పిల్ల బాధకు మందు కూడా తాండూరులోనే దొరికింది. తర్వాత ఆమె ఒక్కతే మరో రెండుసార్లు వెళ్ళింది. మొదటి ఫొటోలు అచ్చు వేయించి ఇచ్చింది. ఆ ఆడవాళ్ళతో కూర్చుని సద్ది తిన్నది. మూడోసారి ఎవరూ కర్రల్లా నిలబడలేదట. కెమెరా వున్న సంగతి వాళ్ళకు తెలుసు, తెలిసి పట్టించుకోవడం మానేశారు. సహజత్వం దాక్కుంటేనే వస్తుందనుకుంటాం. అలవాటైతే కూడా వస్తుంది, కాకపోతే కాస్త ఆలస్యంగా. కొత్త బంధుత్వంలో మాత్రం అంతే కాదూ? కోడలు అత్తింట్లో నోరు విప్పి నవ్వడానికి ఎన్నాళ్ళు పడుతుంది!

అందుకే లెన్సు కొనాలనుకునే అమ్మాయిలకు నా సలహా: తేలికైనదే కొనుక్కోండి. చెయ్యి నొప్పి పుట్టదని మాత్రమే కాదు. తేలికైనదైతే దాన్ని భుజాన వేసుకుని నాలుగడుగులు నడిచి, "అక్కా, ఒక ఫొటో తీసుకోనా?" అని అడగడం కూడా తేలిక. కాదంటే నవ్వి వెనక్కి రావడం ఇంకా తేలిక.

అన్నట్టు, ప్రతి టెలిఫోటో లెన్సుకూ ఒక కనీస దూరం వుంటుంది. చాలావాటికి మీటరు అటూ ఇటూ. అంతకంటే దగ్గరికి పోతే ఎదురుగా వున్న మొహమూ మసకబారుతుంది. ఆ దూరం ఎంతో కంపెనీవాళ్ళు లెక్కగట్టి ఇస్తారు. మనిషికీ మనిషికీ మధ్య ఎంత దూరం వుండాలో మాత్రం ఏ కంపెనీ చెప్పదు. అది అవతలి మనిషి చెప్పాలి. చెప్పడానికి వీలుగా మనం వినబడేంత దగ్గరలో వుండాలి.