పాఠ్య ప్రణాళికకు ప్రామాణ్యం ఎక్కడిది?

ఏ అంశం చెప్పాలి, దేనితో మొదలుపెట్టాలి, ఏ ఉదాహరణ ఇవ్వాలి, పిల్లలకు అర్థమైందో లేదో ఏ ప్రశ్నతో తెలుసుకోవాలి: తరగతిలో అడుగుపెట్టక ముందే ఉపాధ్యాయుడు చేసుకునే ఈ ఆలోచనే పాఠ్య ప్రణాళిక. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక ఈ పనిని ఉత్పాదక కృత్రిమ మేధ క్షణాల్లో చేసిపెడుతోంది. తరగతి, పాఠం పేరు, పీరియడు నిడివి చెబితే చాలు. లక్ష్యాలు, కృత్యాలు, మూల్యాంకన ప్రశ్నలు వరుసగా వచ్చేస్తాయి. పొరుగున కర్ణాటకలో మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ ఇండియా, శిక్షణ ఫౌండేషన్ కలిసి ‘శిక్ష కోపైలట్’ అనే సాధనాన్ని ప్రభుత్వ ఉపాధ్యాయుల చేతికిచ్చాయి. రాష్ట్ర పాఠ్యపుస్తకాల ఆధారంగా అది కన్నడ, ఇంగ్లిషు భాషల్లో ప్రణాళికలు తయారుచేస్తుంది. శ్రమ తగ్గుతుందన్నది స్పష్టమే. తేలవలసింది మరొకటి ఉంది: ఎవరి ఎరుకలోంచీ రాని మాటను ఉపాధ్యాయుడు పిల్లలకు బోధించవచ్చా?

మాటకు ప్రామాణ్యం ఎక్కడినుంచి వస్తుందన్న విచారణ భారతీయ దర్శనాలలో పాతదే. 1961లో సంస్కృత విద్యాపీఠంగా మొదలై 2020లో కేంద్రీయ విశ్వవిద్యాలయంగా మారిన తిరుపతి జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయంలో ఒకవైపు న్యాయదర్శనం చెబుతారు, మరోవైపు శిక్షాశాస్త్రి కోర్సులో కాబోయే ఉపాధ్యాయులకు తర్ఫీదు ఇస్తారు. ఇప్పటి ప్రశ్న ఈ రెండు చదువులూ కలిసే చోట ఉంది.

గౌతముడి న్యాయసూత్రాల ప్రకారం జ్ఞానానికి ఆధారమైన ప్రమాణాలు నాలుగు: ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం. వీటిలో శబ్దమంటే ఆప్తుడి ఉపదేశం. ఆప్తుడెవరో భాష్యకారుడు వాత్స్యాయనుడు వివరించాడు: విషయాన్ని స్వయంగా తెలుసుకున్నవాడు, తెలిసింది తెలిసినట్టే ఎదుటివారికి చెప్పాలన్న కోరిక ఉన్నవాడు. ఈ లక్షణం ఋషికీ, ఆర్యుడికీ, మ్లేచ్ఛుడికీ ఒక్కటేనని కూడా అన్నాడు. కులగోత్రాలు, దేశభాషలు అడ్డు కావు గనుక యంత్రాన్ని యంత్రమన్న కారణంతోనే తోసిపుచ్చడం కుదరదు. అయితే ఆ రెండు షరతులూ దానికి అన్వయించవు. కృత్రిమ మేధ దేన్నీ చూసి తెలుసుకోలేదు. మనుషులు రాసిన అపారమైన పాఠ్యంలో ఏ మాట వెంట ఏ మాట వస్తుందో నేర్చుకుని, ఆ సంభావ్యత మేరకు వాక్యం కడుతుంది. నిజం చెప్పాలన్న కోరిక దానికి లేదు, మోసగించాలన్న కోరికా లేదు. అందుకని అది అబద్ధాలకోరు కాదు, ఆప్తుడూ కాదు.

వేదార్థ విచారణ చేసే మీమాంసకులు ఇక్కడ ఒక ఆక్షేపణ తేగలరు. వారి దృష్టిలో మాటలో దోషం చెప్పేవాడి వల్ల వస్తుంది. వేదం అపౌరుషేయం, దానికి కర్త లేడు, కాబట్టి అందులో దోషానికి తావు లేదు. యంత్రం చెప్పేదానికీ కర్త లేడు కదా, మరి దాన్నీ నిర్దోషమని అనవచ్చా? అనలేం. యంత్రవాక్యానికి ఒక్క కర్త కనిపించకపోవడం నిజమే. దాని ముడిసరుకు మాత్రం అసంఖ్యాక కర్తల రాతలే. వారి భ్రమలు, పక్షపాతాలు అందులోకి వచ్చి చేరాయి, వాటికి బాధ్యత వహించేవాళ్లు మాత్రం కనబడకుండా పోయారు. ఇది అపౌరుషేయం కాదు, అనామకం.

తిరుపతి ప్రాంత పాఠాలలోనే దీనికి ఉదాహరణ దొరుకుతుంది. 2022 ఏప్రిల్ 4న తిరుపతి వేరే జిల్లా అయింది. అంతకుముందు దశాబ్దాల పాటు వచ్చిన రాతలన్నిటిలో తిరుపతి చిత్తూరు జిల్లాలోనే ఉంది. పాత రాతల బరువు ఎక్కువ కనుక యంత్రం పాత మాటే చెప్పే అవకాశం ఉంది. చెప్పినా ఎక్కడా తడబడదు. వాక్యం తీరు చూసి తప్పొప్పులు పట్టలేం. జ్ఞానం నిజమా కాదా అన్నది దానంతట అది తేలదని, మరో ఆధారంతో సరిచూడాలని నైయాయికులు పరతఃప్రామాణ్యవాదంలో చెప్పింది ఈ సందర్భానికి సరిగ్గా వర్తిస్తుంది. యంత్రమిచ్చిన ప్రణాళిక ఒక ప్రతిపాదన మాత్రమే. ఉపాధ్యాయుడు దాన్ని పరిశీలించి, నిలబడేదాన్ని నిలిపి, తన మాటగా చెప్పినప్పుడే అది శబ్దప్రమాణమవుతుంది.

వాస్తవాలు సరిచూసినంత మాత్రాన పని పూర్తికాదు. కుప్పం, నగరి, సత్యవేడు వంటి సరిహద్దు ప్రాంతాల్లో ఇంట్లో తమిళమో కన్నడమో మాట్లాడే పిల్లలు తెలుగు పాఠం వింటుంటారు. ఏ పిల్లవాడు ఏ మాట దగ్గర ఆగిపోతాడో పాఠ్యపుస్తకంలో ఉండదు. ఈ ఎరుక ఉపాధ్యాయుడికి ప్రత్యక్షం. యంత్రానికి ఆయన చెబితే తప్ప అందదు. అందువల్ల ఒకే సాధనం అనుభవజ్ఞుడికి ఒకలా, కొత్తగా డీఎస్సీలో ఎంపికైన వారికి మరొకలా పనిచేస్తుంది. మొదటివారు ప్రణాళికలోని లోటును చూడగానే పడతారు. రెండోవారు ఆ చూపును ప్రణాళికలు రాస్తూ, తరగతిలో అవి బెడిసికొట్టడం చూస్తూనే సంపాదించుకోవాలి. ఆ దశ దాటకముందే రాతపని మొత్తం అప్పగిస్తే నేర్చుకునే దారి మూసుకుపోతుంది.

1895లో మదనపల్లెలో పుట్టిన తాత్వికుడు జిడ్డు కృష్ణమూర్తి సమాచారం పోగుచేసుకోవడాన్నీ నేర్చుకోవడాన్నీ వేరుగా చూశారు. జీవితం చివరి సంవత్సరాల ప్రసంగాల్లో కంప్యూటరు ప్రస్తావన పదేపదే తెచ్చారు. మెదడు చేసే పనులన్నీ యంత్రమే చేయగలిగితే మనిషి మెదడు ఏమవుతుందని అడిగారు. అది వినోదాల్లో మునిగి వాడిపోవచ్చు, లేదా తనలోకి తాను తిరిగి చూసుకోవచ్చు అన్నారు. అంటే మిగిలిన తీరిక దేనికి ఖర్చవుతుందన్నదే ఆయనకు ముఖ్యం.

ఆ తీరిక ప్రశ్నకు ఆచరణలో సమాధానం మదనపల్లె ప్రాంతంలోనే ఉంది. రిషివ్యాలీ గ్రామీణ విద్యా కేంద్రం 1980ల చివరి నుంచి ఏకోపాధ్యాయ పాఠశాలల కోసం కృత్య కార్డులు, అభ్యసన నిచ్చెన తయారుచేసింది. పాఠాన్ని చిన్న మెట్లుగా విడగొట్టి, ఏ మెట్టు మీద ఉన్న పిల్లలకు ఆ మెట్టు కార్డు అందిస్తారు. కర్ణాటకలో నలి కలి, తమిళనాడులో కృత్యాధార బోధన ఈ పద్ధతి స్ఫూర్తితో వచ్చినవే. అక్కడా తరగతిలోని ఉపాధ్యాయుడికి ప్రణాళిక సిద్ధంగానే అందుతుంది. తేడా రెండు విషయాల్లో ఉంది. ఆ కార్డులు పల్లెబడుల్లో పిల్లలతో పనిచేసినవారి చేతిలో తయారయ్యాయి కనుక వాటికి ఆప్తులున్నారు. ఉపన్యాసం బరువు తగ్గిన ఉపాధ్యాయుడు వెనకబడిన పిల్లల పక్కన కూర్చోగలుగుతున్నాడు. కాబట్టి ప్రణాళిక మరొకరు తయారుచేయడం దానంతట అది తప్పు కాదు.

ఇక మిగిలింది సత్యనిష్ఠ. ప్రణాళికల పుస్తకం ప్రధానోపాధ్యాయుడి సంతకానికి వెళ్లే రికార్డు. గైడు చూసి ఎత్తిరాసిన రోజుల్లోనూ అది ఆలోచన లేకుండా నిండగలిగేది. యంత్రం వల్ల ఆ వెసులుబాటు పెరిగింది. సాయం తీసుకున్నట్టు చెప్పడంలో దోషం లేదు, చదవకుండా సంతకానికి పంపడంలో ఉంది. ప్రశ్నపత్రం నమూనాలు, కృత్యాల జాబితా, ఒకే భావాన్ని నాలుగు రకాలుగా వివరించే ప్రయత్నాలు యంత్రానికి నిస్సంకోచంగా అప్పగించవచ్చు. వాటిలో ఏది నిజం, ఏది ఈ తరగతికి తగింది అన్న నిర్ణయం మాత్రం ఉపాధ్యాయుడిదే. పిల్లలు పాఠాన్ని నమ్మేది ఆయన మాట మీద కనుక, ఆ మాటకు పూచీ కూడా ఆయనే పడాలి.