చేయి ఆపుకున్నవాడు ఓడినట్టేనా?

మొన్న జుమా నమాజు తర్వాత ఒక పెద్దమనిషి నా పక్కన వచ్చి కూర్చున్నారు. "మౌలానా సాబ్! మా వాడు నాలుగేళ్ళుగా కరాటే నేర్చుకుంటున్నాడు. బ్రౌన్ బెల్టు దాకా వచ్చాడు. మొన్న బడిలో ఎవడో కాలరు పట్టుకుని తోస్తే తల వంచుకుని వచ్చేశాడట. ఇంత ఫీజు కట్టింది ఇందుకేనా?" అన్నారు. ఆయన గొంతులో కోపం కంటే అవమానమే ఎక్కువగా వినిపించింది.

అభ్యాసం వల్ల మనిషిలో పెరగవలసింది ఏమిటన్నదే ఇక్కడి అసలు ప్రశ్న.

ఒకినావా దీవిలో 1868లో పుట్టిన గిచిన్ ఫునాకోషి పగలు బడిలో పాఠాలు చెప్పేవారు. రాత్రిళ్ళు గురువు అజాతో ఇంటి పెరట్లో కరాటే సాధన చేసేవారు. 'కటా' అంటే ఎదుట శత్రువు ఉన్నట్టు భావించి ఒంటరిగా చేసే కదలికల వరుస. ఒకే కటాను నెలల తరబడి చేయించేవారు గురువుగారు. బాగుందని అనరు, మళ్ళీ చెయ్యమంటారు, అంతే. మదర్సాలో పాత పాఠాన్ని రోజూ అప్పజెప్పినవారికి ఈ విసుగు ఎలాంటిదో తెలుసు. నేనూ దాన్ని అనుభవించాను, ఎన్నోసార్లు ఏడ్చాను కూడా.

ఫునాకోషి ఒక రాత్రి మామగారి ఇంట్లో పెద్దల పేర సమర్పించడానికి మిఠాయిలు తీసుకుని వెళ్తున్నారు. దారిలో ఇద్దరు దుండగులు అడ్డగించారు. ఆయన కొట్టగలరు. అయినా మిఠాయిలు వాళ్ళ చేతిలో పెట్టి తన దారిన వెళ్ళిపోయారు. ఈ సంగతి విని ఆయన గురువులిద్దరూ, అజాతో, ఇతోసు, ఎంతో సంతోషించారు. ఇప్పుడు నీకు కరాటే అర్థం కావడం మొదలైందన్నారు.

1922లో ఆయన టోక్యో వెళ్ళి ఆ విద్యను జపాను ప్రధాన భూభాగంలో వ్యాప్తి చేశారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత, దాదాపు ఎనభై ఏళ్ళ వయసులో, ఒక దొంగ ఆయన మీదికి వచ్చాడు. దెబ్బ తప్పించుకుని, వాణ్ణి కదలనివ్వకుండా పట్టుకుని పోలీసుకు అప్పగించారు. అందుకు గర్వపడలేకపోయానని, శిష్యులకు ఏది వద్దని చెప్పేవాణ్ణో అదే చేశానని ఆత్మకథలో రాసుకున్నారు. నాకైతే అందులో తప్పేమీ కనిపించదు. దొంగను పట్టుకోవడం నేరం కాదు కదా! కానీ అరవై ఏళ్ళ సాధన తర్వాత కూడా తన చేతిని తానే నిలదీసిన ఆ మనిషిని చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది.

అయితే ఇక్కడ ఒక చిక్కు ఉంది. కొట్టడం చేతగానివాడు ఊరుకుంటే దాన్ని సహనం అనలేం. అది నిస్సహాయత. చేతిలో శక్తి ఉన్నవాడు ఊరుకుంటేనే ఆ మాటకు అర్థం. అందుకే వేలసార్లు గుద్దడం నేర్చుకోవాలి, గుద్దకుండా ఉండడం కోసమైనా సరే. అలాగని తన కళ్ళెదుట బలహీనుణ్ణి కొడుతుంటే చేతులు కట్టుకుని నిలబడడం కూడా సహనం కాదు. దానికి వేరే పేరుంది.

"మీ వాడు భయపడి వచ్చేశాడా, ఓర్చుకుని వచ్చేశాడా?" అని ఆ పెద్దమనిషిని అడిగాను.

"అది అడగలేదు. ఆవేశంలో నేనే రెండు తగిలించాను" అన్నారు, నేల చూస్తూ.

"ఈ రాత్రి అన్నాల దగ్గర నెమ్మదిగా అడగండి."

లేచి రెండడుగులు వేసి వెనక్కి తిరిగారు. "భయపడ్డాను అంటేనో?"

"ఇంకో ఏడాది ఫీజు కట్టండి" అన్నాను.