భాషాభిమానము - ధర్మము

భాషాభిమానము సద్గుణమా, స్వార్థమునకు మాఱుపేరా? అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రమందలి ఫ్రెస్నో నగరపు ప్రజారేడియో యొకటి యీ సంశయమును తీర్పగలదని మా తలంపు.

ఆ నగరపు చుట్టుపట్ల తోటలలో పనిచేయు మెక్సికో కూలీలలో పెక్కురకు ఇంగ్లీషు రాదు. బాల్యమున తానును పొలములలో కూలిచేసి, పిదప హార్వర్డులో న్యాయశాస్త్రము చదివిన హ్యూగో మొరాలెస్ తోడివారితో గూడి 'రేడియో బిలింగ్వే'ను స్థాపించెను. 1980 జూలై 4వ తేదీన, ఆ దేశపు స్వాతంత్ర్యదినముననే, ప్రసారము లారంభమైనవి. మరియాచి సంగీతముతోబాటు కూలి, ఆరోగ్యము, వలసచట్టములు అందు చర్చింపబడుచున్నవి. పాట లేని చర్చకు శ్రోతలు కఱవు. చర్చ లేని పాట బాధను మఱపించును గాని మాన్పదు.

అయితే స్పానిషు సైతము పరభాషయైన మిస్తెక్ జాతివారు ఆ కూలీలలో కలరు. మొరాలెస్ పుట్టినదియు ఆ జాతియందే. స్పానిషు శ్రోతలే యధికులైనను, మిస్తెక్ భాషకును ఆ రేడియో ప్రత్యేక కార్యక్రమము నొసగినది.

తానడిగిన హక్కును తనకంటె అల్పసంఖ్యాకుల కొసగినపుడే భాషాభిమానము ధర్మమగును. కానిచో నది గెలిచినవాని గర్వమే. భాషాభిమానుల మనుకొను మనము, మనకంటె చిన్నగొంతుకకు ఎంత చోటిచ్చితిమి?